మూడు పలకలు

(అంబేడ్కర్ జయంతి రోజున పల్నాటి పల్లె ఒకదానిలో జరిగిన సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



ఈ సభలో మన సంస్కృతి గురించి, చరిత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సంస్కృతి అనంగానే మనవాళ్ళలో చాలామందికి ఒక జంకు. గుళ్ళు, గోపురాలు, వీణలు, మృదంగాలు, రాజుల కత్తులు, ఇవన్నీ పెద్దకులాల సొత్తు అనీ, మనకున్నది కూలీనాలీ కష్టమే అనీ అనుకుంటాం. బళ్ళో పాఠాలు కూడా మనకి అట్లాగే నేర్పినయ్. ఈ జంకు ఉన్నన్నాళ్ళు మన పిల్లోడు మ్యూజియంలోకి పోయినా పరాయి ఇంట్లో అడుగు పెట్టినట్టు చేతులు కట్టుకునే నడుస్తాడు.

అందుకని ఈరోజు పెద్ద పెద్ద సిద్ధాంతాలు పక్కన పెడదాం. వస్తువుల గురించి మాట్లాడుకుందాం. మన తెలుగులో 'పలక' అనే మాట ఒకటుంది. రాతి బండను చదును చేసి చెక్కితే అది పలక. మన పల్లెల్లో డప్పుని కూడా పలక అనే అంటాం. పిల్లోడు అఆలు దిద్దేదీ పలకే. ఈ మూడు పలకల మీదుగా మన చరిత్ర నడిచొచ్చింది. ఒక్కో పలక దగ్గర ఆగి ఒకే ఒక్క ప్రశ్న అడుగుదాం. దీన్ని చేసినవాడి పేరేది?

రాతి పలక

ముందు మన ఇంట్లో ఉన్న కాయితంతో మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన కాయితం ఏదైనా తీసి చూడండి. దాని మీద గుండ్రటి ముద్ర ఉంటుంది. 2018 నవంబరులో తెచ్చిన రాజముద్ర అది. చుట్టూ పూసలు, ధమ్మచక్రం, త్రిరత్నాలు. నడిమధ్యలో దండలు చుట్టిన కుండ ఒకటి. దాన్ని ప్రాకృతంలో పున్నఘటకం అన్నారు, సంస్కృతంలో పూర్ణఘటం. ఆ బొమ్మ మన అమరావతి స్తూపం నుంచి తీసుకున్నది.

మరి ఆ కుండ ఎవరిది? అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి దానంగా వచ్చింది. ఇచ్చినవాడి పేరు ఆ రాయి మీదే బ్రాహ్మీ లిపిలో ఉంది. ఆయన పేరు విధికుడు. ఆయన వృత్తి కూడా రాసి ఉంది. చమ్మకారుడు. అంటే చర్మకారుడు, తోలు పని చేసేవాడు.

ఒక్క నిమిషం ఆగి ఈ సంగతి మనసుకు పట్టించుకోండి. రాష్ట్ర ప్రభుత్వం రాజముద్రలో ఉన్న కుండ, ఒక తోలు పనివాడు తన కష్టార్జితంతో ఇచ్చిన కుండ. ఇది మనం గొప్పకోసం కల్పించుకున్న కథ కాదు. ముద్రను తెచ్చినప్పుడు ఆ దానం ఇచ్చిన విధికుడి సంగతి ప్రభుత్వానికి తెలుసు. తెలియనిది మనకే. తహసీల్దారు కచేరీ ముందు ఎండలో కాయితం పట్టుకుని నిలబడ్డ మనవాడికి తెలియదు, ఆ కాయితం మీద ఉన్నది తన వృత్తివాడి కానుక అని.

ఆ శాసనంలో ఇంకో రెండు ముక్కలు ఉన్నయ్. విధికుడి తండ్రి పేరు నాగుడు. ఆయన్ని ఉపాధ్యాయుడు అని రాశారు. తండ్రి చదువు చెప్పేవాడు, కొడుకు తోలు పనివాడు. మా ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ చదివిన తరం మాది. మేము బడికి పోయే రోజుల్లో, తోలు కోసేవాడి బిడ్డకి పలకా బలపం ఎందుకురా అని ఎత్తిపొడిచినవాళ్ళు ఉన్నారు. తోలుకీ చదువుకీ పొత్తు కుదరదు అన్నారు. ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్నయ్ అని అమరావతి రాయి సాక్ష్యం చెప్తోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. విధికుడు మాదిగవాడు అని మనం సభల్లో చెప్పేయకూడదు. ఇప్పుడున్న కులం ఆనాడు ఇదే రూపంలో ఉందా అంటే ఆ రాయి చెప్పదు. అది చెప్పేది ఇంతే. తోలు పని చేసే మనిషి తన పేరు, తన వృత్తి దాచుకోకుండా రాయించుకున్నాడు. ఆ స్తూపం దగ్గర ఆయన్ని ఎవరూ అంటు అనలేదు, ఆయన ఇచ్చిన పలకను పక్కన పెట్టలేదు. గృహస్తులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, ఆడవాళ్ళు ఇచ్చిన రాళ్ళతో పాటే ఆయన రాయీ నిలబడింది. మనకి అంత చాలు. లేనిది కలపాల్సిన పని లేదు. ఎదుటివాళ్ళు పురాణాన్ని చరిత్ర అని చెప్పే పద్ధతి మనం అలవాటు చేసుకోవద్దు.

ఇప్పుడు ఆలోచించండి. ఈ రోజు మన ప్రభుత్వం చర్మకారులకి, డప్పు కళాకారులకి పింఛను ఇస్తోంది. అది మన హక్కు, దయాధర్మం కాదు. ఆ పింఛను ఇచ్చే ప్రభుత్వం రాజముద్రలో విధికుడి కుండ ఉంది. ఆనాడు తోలు పనివాడు ఇచ్చేవాడు. మరి ఇచ్చిన చెయ్యి చాచిన చెయ్యి ఎట్లా అయింది? కులం ఆ చేతిని ఎప్పుడు అంటరాని చెయ్యి చేసింది? ఆ రెండింటి మధ్య జరిగినదే మన చరిత్ర. దాన్ని మనం చదవాలి, మన పిల్లలకి చదివించాలి.

మరి ఆ స్తూపం ఏమైపోయింది? చాలా శతాబ్దాలు అది ఒక మట్టిదిబ్బ. చుట్టుపక్కల జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టించుకుంటా ఆ దిబ్బను తవ్వించాడు. శిల్పాల పలకలు కట్టడాల్లోకి పోయినయ్. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. బుద్ధుడి కథలు చెక్కిన రాయి బట్టీలో సున్నమైపోయింది. ఆ దశాబ్దం చివర్లో కల్నల్ మెకంజీ అనే దొర వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి మిగిలిన పలకలకి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ అనే దొర తవ్వించి చాలా పలకల్ని మద్రాసు చేర్చాడు. వాటిలో కొన్నిటిని 1859లో ఓడెక్కించి లండన్ పంపారు. ఇప్పుడు సుమారు 120 ముక్కలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నయ్. కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని మన అమరావతి మ్యూజియంలో ఉన్నయ్.

అసలు విచిత్రం ఇప్పుడు వినండి. లండన్ వెళ్ళిన ఆ రాళ్ళకి ఏం పేరు పెట్టారో తెలుసా? ఎలియట్ మార్బుల్స్ అన్నారు. మార్బుల్ అంటే పాలరాయి. అది పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. పల్నాటి రాయి, ఇక్కడి ఉలి, ఇక్కడి చెమట, విధికుడిలాంటి వాళ్ళ దానం. పేరు మటుకు తవ్వించినవాడిది. మన ప్రశ్నకి ఇదే పెద్ద జవాబు. చేసినవాడి పేరు పోతుంది, పట్టుకుపోయినవాడి పేరు నిలుస్తుంది.

దొరలు ఒక్కళ్ళే ఇట్లా చేశారనుకోవద్దు. రామప్ప గుడి చూడండి. 1213లో కట్టింది. 2021లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించారు. శాసనంలో ఉన్నది కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడి పేరు. రామప్ప అనేది చెక్కిన శిల్పి పేరు అని జనం నోట ఉంది. శాసనం కట్టించినవాడిని గుర్తు పెట్టుకుంటే, జనం తమ నోటితో చెక్కినవాడిని బతికించుకున్నారు. జనం నోటికి ఆ తెలివి ఉంది.

సముద్రం పక్కనే పోయే బకింగ్‌హాం కాలువ మీలో చాలామంది చూసుంటారు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో, కరువు పనుల కింద దాన్ని చాలామేర తవ్వించారు. ఒంగోలు ప్రాంతంలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. వాళ్ళలో మాదిగలు ఎక్కువమంది. ఎముకలు బయటపడ్డ ఒంటితో తట్ట మోసింది మనవాళ్ళు. కాలువకి పెట్టిన పేరు మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువుది. ఆ గట్టు మీద నడిచేటప్పుడు పిల్లలకి ఇది చెప్పండి. పలుగు పట్టిన చేతికి శిలాఫలకం లేదు. ఆ కాలువే దాని శిలాఫలకం.

చేసినవాడి పేరు రాయడం మ్యూజియాలకి చేతగాక రాయలేదంటే నమ్మొద్దు. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అక్కడ ముసుగు వేసుకున్న రెబెకా బొమ్మను చెక్కింది ఇటలీ శిల్పి బెంజోనీ అని అందరికీ తెలుసు. ఇటలీ శిల్పి పేరు నూటయాభై ఏళ్ళు భద్రంగా నిలిచింది. అదే మన ఊరి మోటకు తోలు తొండం కుట్టిన మనిషి పేరు అడగండి. ఆ తొండంతోనే కదా, కరెంటు మోటార్లు రాకముందు బావుల కింద చేలన్నీ తడిసింది. ఆ తోలు ఎంత మందం ఉండాలి, ఎక్కడ కుట్టు పడాలి, ఎద్దు లాగితే నీరు కారకుండా ఎట్లా నిలవాలి, ఇదంతా లెక్క. పుస్తకంలో లేని ఇంజనీరింగు. దాన్ని కనిపెట్టినవాడిని ఊరి చివర కూచోబెట్టారు.

తోలు పలక

ఇప్పుడు రెండో పలక దగ్గరికి వద్దాం. డప్పు.

డప్పు చెయ్యడం చూసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. వేపదో చింతదో కర్ర ముక్కలు వంపుగా చెక్కి, కలిపి గుండ్రటి చట్రం చేస్తాం. తోలును సున్నపు నీళ్ళలో నానేసి, వెంట్రుక గీకి, పల్చన చేస్తాం. చింతగింజల జిగురు పట్టించి, చట్రం మీద పరిచి, వారుతో బిగించి ఎండబెడతాం. వాయించే ముందు గడ్డిమంట మీద కాస్తాం. ఎందుకు కాస్తాం? వేడికి తోల్లో తేమ పోయి బిగుసుకుంటుంది, బిగువు పెరిగితే నాదం పైకి లేస్తుంది. మేము బళ్ళో భౌతికశాస్త్రం చెప్పేటప్పుడు ఇది చెప్తాం. ఒక చేత చిర్ర, ఇంకో చేత చిటికెన పుల్ల. ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకటి నడక చూపిస్తే, ఇంకోటి దానికి జవాబు చెప్తుంది. పెళ్ళికి ఒక దరువు, జాతరకి ఒక దరువు, చావుకి ఒక దరువు, చాటింపుకి ఒక దరువు. దూరాన చేలో ఉన్న మనిషి దరువు విని ఊళ్ళో ఏం జరిగిందో చెప్పగలడు. ఇది భాష. అక్షరాలు లేకుండా మనవాళ్ళు తయారు చేసుకున్న భాష.

అయినా ఈ డప్పంటే మనలో రెండు మాటలు ఉన్నయ్. అది దాచిపెట్టుకుంటే లాభం లేదు. చాలా పల్లెల్లో మన కుర్రాళ్ళు డప్పులు అటకెక్కించారు. పెద్దకులాల వాళ్ళ చావుకి వెట్టిగా కొట్టం, సారా చుక్కకీ చాటెడు గింజలకీ కొట్టం అని ఒట్టు పెట్టుకున్నారు. అట్లా అన్నందుకు దెబ్బలు తిన్నవాళ్ళు, పనులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళది తప్పని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. ఇంకోపక్క అదే డప్పుని ఉద్యమం భుజానికెత్తుకుంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన పోరాటానికి దండోరా అని పేరు పెట్టుకున్నారు. ఊరి పెద్ద మాటను చాటడానికి కొట్టిన దండోరాని మన మాట చాటడానికి కొట్టారు. గద్దర్ లాంటి గాయకులు, పల్లెపల్లెన కళాబృందాలు ఆ డప్పుని సభావేదిక నడిమధ్యకి తెచ్చినయ్. 2023 ఆగస్టులో గద్దర్ కన్నుమూస్తే ఆయన్ని సాగనంపడానికి కూడా డప్పులే మోగినయ్.

అటకెక్కించినవాళ్ళు ఒకపక్క, భుజానికెత్తుకున్నవాళ్ళు ఇంకోపక్క. ఎవరిది న్యాయం? ఇద్దరూ ఒకటే మాట అంటున్నారు. ఎవరికోసం కొట్టాలో మేము నిర్ణయించుకుంటాం అంటున్నారు. కొట్టడమా మానడమా అనేది మన ఇష్టం కావాలి. ఇంకొకడి ఆజ్ఞ కాకూడదు. తేడా అంతా అక్కడుంది.

అందుకే డప్పుని మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టి 'జానపద వాద్యం' అని చీటీ అంటిస్తే మనకి చాలదు. జానపదం అంటే ఏ జనం? ఏ పదం? ఆ చీటీ మీద వెట్టి సంగతి ఉండాలి. కొట్టను అన్నవాడి వీపు మీద పడ్డ దెబ్బ సంగతి ఉండాలి. మెడలో డప్పేసుకుని ఊరేగిన రోజు సంగతీ ఉండాలి. అవమానం తుడిచేసి అందం ఒక్కటే చూపించే మ్యూజియం మనల్ని రెండోసారి వెలివేసినట్టే.

పెద్ద సంగీతం అంటారే, దాని సంగతి కూడా చూద్దాం. కచేరీలో మృదంగం వాయించే విద్వాంసుడికి శాలువా కప్పుతారు. ఆ మృదంగానికి ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు కావాలి. ఆ తోళ్ళు తెచ్చి, శుద్ధి చేసి, కోసి, బిగించి, నాదం పలికించేది ఎవరు? తమిళనాడులో ఎక్కువమంది దళిత క్రైస్తవ కుటుంబాల వాళ్ళు. పాలఘాట్ మణి అయ్యర్ పేరు సంగీతం తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ఆయన మృదంగాలు చేసిన పర్లాందు పేరు ఎంతమందికి తెలుసు? నాదం ఎట్లా ఉండాలో ఇద్దరూ కలిసి వెతికారు. ఒకడు వేదిక మీద, ఒకడు వేదిక వెనక. 2020లో గాయకుడు టి.ఎం. కృష్ణ ఈ మృదంగ శిల్పుల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం తెచ్చాడు. ఆవిష్కరణ సభకి ముందు హాలు ఇస్తామన్నవాళ్ళు తర్వాత వెనక్కి తగ్గితే వేరేచోట పెట్టుకోవాల్సి వచ్చింది. చేసినవాడి పేరు రాస్తే ఇప్పటికీ కొందరికి ఉలుకు. అంటే పేరుకి ఎంత బలం ఉందో చూడండి.

మన తెలుగు నేల మీదే ఎన్ని వాద్యాలు ఉన్నయ్! బైండ్లవాళ్ళ జమిడిక, పంబలవాళ్ళ పంబ, అనంతపురం వైపు ఉరుము, తెలంగాణలో డక్కలివాళ్ళ కిన్నెర. వెదురు బద్దకి సొరబుర్రలు కట్టి, మైనంతో మెట్లు నిలబెట్టి, తీగలు బిగించి వాయించే వాద్యం ఆ కిన్నెర. జయధీర్ తిరుమలరావు గారు, గూడూరు మనోజ గారు ఊరూరా తిరిగి ఇట్లాంటి వాద్యాలు సేకరించి ప్రదర్శనలు పెట్టారు. నాగర్‌కర్నూలు జిల్లా కిన్నెర మొగులయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన బతుకుతెరువుకి కూలిపని చేస్తున్నాడని పత్రికల్లో వచ్చింది. బిరుదు గోడకి, మనిషి కూలికి. కళని మెచ్చుకుని కళాకారుడి కంచం చూడకపోతే ఆ మెప్పు ఎందుకు?

ఇక్కడ మన లోపలి మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. డక్కలివాళ్ళు మాదిగల్ని ఆశ్రయించి బతికే కులం. మన పుట్టుక కథని, జాంబపురాణాన్ని పటం పరిచి చెప్పేది వాళ్ళు. మన చరిత్రని తమ నోట మోసినవాళ్ళని మనం ఏ గడప దగ్గర ఆపాం? మన కన్నా కింద ఒకడున్నాడని మనసులో సంబరపడ్డాం. చిందువాళ్ళ సంగతీ అంతే. చిందు ఎల్లమ్మ లాంటి మహాకళాకారిణి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పైవాడు మన పేరు రాయలేదని అడిగే నోటికి, మనం రాయని పేర్లు కూడా అడిగే ధైర్యం ఉండాలి. మాల, మాదిగ, రెల్లి, డక్కలి, చిందు, మాస్టి అందరి పేర్లూ రాసినప్పుడే అది మన మ్యూజియం.

రాత పలక

మూడో పలక బడి పలక. మొదటి పలకని రాజులు, దొరలు పంచుకున్నారు. రెండో పలకని వెట్టికి కట్టేశారు. ఈ మూడోది మన చేతిలో ఉంది. బాబాసాహెబ్ మన చేతికి ఇప్పించిన పలక ఇది. దీని మీద ఏం రాయాలి?

మ్యూజియం అంటే పెద్ద భవనం, టిక్కెట్టు, కాపలావాడు అనుకోవద్దు. జరిగింది మరిచిపోకుండా నిలబెట్టిన చోటు ఏదైనా మ్యూజియమే. తెనాలి దగ్గర చుండూరు పోయి చూడండి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. మనవాళ్ళు ఆ శవాలని ఊరవతల మట్టి చెయ్యలేదు. ఊరి నడిబొడ్డున పాతిపెట్టి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. కోర్టు కాయితం తిరగబడింది, రక్తక్షేత్రం తిరగబడలేదు. ఏ రాజూ కట్టించని కట్టడం అది. ఊరి మధ్యన నిలబడి రోజూ సాక్ష్యం చెప్తోంది.

ఇంకో వస్తువు చెప్తాం. హోటలు చూరులో మనకోసం వేరుగా పెట్టిన గ్లాసు. తాగి మనమే కడిగి పెట్టాల్సిన గ్లాసు. ఎక్కడైనా అట్లాంటి గ్లాసు దొరికితే పగలగొట్టకండి. తెచ్చి దాచండి. ఊరి పేరు, హోటలు ఎక్కడుండేదో, ఏ ఏటిదాకా ఆ పద్ధతి సాగిందో, ఎవరు ఎదురుతిరిగితే ఆగిందో ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి. రాజుల బంగారు గిన్నె కన్నా ఆ గ్లాసు ఎక్కువ చరిత్ర చెప్తుంది.

అందుకని ప్రతి పల్లెలో ఒక పని మొదలుపెడదాం. ఖర్చు లేదు. ఒక రెండొందల పేజీల నోటుబుక్కు, ఒక ట్రంకు పెట్టె, చేతిలో ఉన్న ఫోను చాలు. పెట్టె అంబేడ్కర్ భవనంలో పెడదాం. లేనిచోట చర్చిలోనో, బడిలోనో పెడదాం.

మొదటిది వస్తువులు. ఆరె, రంపె, గూటం, పాత మోట తొండం, తంగేడు చెక్కతో ఊనిన తోలు, కిర్రు చెప్పులు, ముతక నేసిన మాలల మగ్గం ముక్కలు, విరిగిన డప్పు చట్రం. పనికిరావని పొయ్యిలో పెట్టకుండా దాచాలి. ఒక్కోదాని మీద చేసినవాళ్ళ పేరు, వాళ్ళ ఊరు, ఎట్లా చేశారో రాయాలి. చేసినవాడు పోయుంటే కొడుకుని, కూతుర్ని అడగాలి.

రెండోది పాటలు, దరువులు. నాట్ల పాటలు, కలుపు పాటలు, జోలపాటలు, శోకాలు. ఇవన్నీ ఎక్కువగా మన అమ్మల దగ్గర ఉన్నయ్. ఒక అమ్మ కన్నుమూస్తే ఒక పాటల పెట్టె మూతపడినట్టు. ఫోనులో రికార్డు చెయ్యండి. ముందుగా పాడే ఆమె పేరు, వయసు, ఊరు, తేదీ ఆమె గొంతుతోనే చెప్పించండి. 'ఒక ముసలామె పాడింది' అని రాయొద్దు. ఆమెకి పేరుంది.

మూడోది కట్టడాలు. మన బావి ఎప్పుడు తవ్వారు, ఎవరు తవ్వారు? ఊరి బావిలో చేద వెయ్యనివ్వని రోజులు ఎప్పటిదాకా ఉన్నయ్? మన బడి, మన చర్చి, మన బొమ్మ సెంటరు ఎట్లా వచ్చినయ్? అంబేడ్కర్ విగ్రహానికి ఎవరు ఎన్ని రూపాయలు ఇచ్చారు? హైదరాబాదులో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల విగ్రహాలు లేచినయ్. సంతోషమే. కాని కూలిడబ్బుల్లోంచి పదిరూపాయలు తీసి మన పల్లె మొదట్లో నిలబెట్టుకున్న నాలుగడుగుల విగ్రహం చరిత్ర ఎవరు రాస్తారు? మనమే రాయాలి. ఊరి పటం ఒకటి గీయండి. ఊరెక్కడ, పల్లె ఎక్కడ, చెరువెక్కడ, శ్మశానమెక్కడ, ఏ దారిన చెప్పులు చేత పట్టుకుని నడవాల్సి వచ్చేదో గుర్తు పెట్టండి. ఆ పటం ఒక్కటే చాలు, కులం ఎట్లా కట్టడంగా మారిందో మన పిల్లలకి అర్థం కావడానికి.

ఈ పని పెద్ద చదువులవాళ్ళు చెయ్యాల్సింది అని వెనక్కి తగ్గొద్దు. నాగపూర్ దగ్గర చించోలిలో శాంతివన్ అని ఒకటుంది. బాబాసాహెబ్ వాడిన బట్టలు, టైపు మిషను లాంటివి అక్కడ భద్రపరిచారు. వాటిని మొదట దాచింది ఆయన వెనక నడిచిన కార్యకర్తలే. దాచాలన్న బుద్ధి ముందు పుట్టింది, భవనం తర్వాత వచ్చింది.

ఇంకో మాట. పిల్లల్ని తీసుకుని అమరావతి పోండి. మన జిల్లాలోనే ఉంది, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. మ్యూజియంలో ఒక్కో రాయి దగ్గర ఆగండి. అక్కడి ఉద్యోగస్తుల్ని మర్యాదగా అడగండి. అయ్యా, చర్మకారుడు విధికుడు ఇచ్చిన పూర్ణఘటం పలక సంగతి చెప్పండి అని. ఒకడు అడిగితే నవ్వి ఊరుకుంటారు. నెలనెలా పదిమంది అడిగితే జవాబు వెతుక్కోక తప్పదు. పంతుళ్ళుగా మేము మా బళ్ళల్లో రాజముద్ర బొమ్మ చూపించి ఆయన పేరు చెప్తున్నాం. మీరు మీ ఇళ్ళల్లో చెప్పండి.

చివరిగా ఆ శాసనంలోంచి ఇంకొక్క సంగతి. విధికుడు తన ఒక్కడి పేరే చెక్కించుకుని ఊరుకోలేదు. తండ్రి పేరు చెప్పాడు. కొడుక్కి తాత పేరే పెట్టుకున్నాడు, నాగుడు అని. తల్లితో కలిసి, భార్యతో కలిసి, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఈ దానం ఇస్తున్నాను అని రాయించాడు. రాయి చిన్నదైనా అందరికీ అందులో చోటు పెట్టాడు. మన నోటుబుక్కు మొదటి పేజీ కూడా అట్లాగే మొదలవ్వాలి. పల్లెలో ఒక్క ఇల్లు విడవకుండా, ఆడామగా తేడా లేకుండా, మన కింద అనుకున్నవాళ్ళని కూడా కలుపుకుని పేర్లు రాద్దాం. వచ్చే ఆదివారం నోటుబుక్కు పట్టుకుని ఈ వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెడదాం. రాయగలిగినవాళ్ళు రండి. చెప్పగలిగినవాళ్ళు అరుగు మీద కూచోండి.

జై భీమ్.